ఓనరమ్మ పియానో గది

యూరో రాకముందు జర్మనీలో నూరు మార్కుల నోటు మీద ఒకావిడ బొమ్మ ఉండేది. నీలం రంగు నోటు. మధ్య పాపిడి తీసి నున్నగా దువ్విన జుట్టు, పెద్ద కళ్ళు. నోటు వెనక్కి తిప్పితే గ్రాండ్ పియానో. గాంధీగారు తప్ప ఇంకెవరూ పెద్దగా కనిపించని నోట్లు చూస్తూ పెరిగినవాణ్ణి. డబ్బుల మీద ఒక సంగీత విద్వాంసురాలు ఉండటం నాకు భలే వింతగా ఉండేది. ఆవిడ పేరు క్లారా షూమన్. 2000లో చదువు కోసం లైప్‌జిగ్ వెళ్ళి, ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఒకటో తారీఖున అద్దె ఇస్తే ఓనరమ్మ నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, చివరి నోటు మీద వేలు పెట్టి, "ఈవిడ మా ఊరావిడే, తెలుసా?" అనేది. ప్రతి నెలా అనేది.

ఓనరమ్మ రిటైరైన పియానో టీచరు. అప్పటికే డెబ్బై దాటాయి. హాల్లో ఒక మూల నేల నుంచి పైకప్పు దాకా పింగాణీ పలకలు అతికించిన బొగ్గుల పొయ్యి. తూర్పు జర్మనీ రోజుల నాటి ఇళ్ళలో అలాంటివి అప్పటికింకా చాలా ఉండేవి. దానికి దూరంగా, వేడి తగిలి చెక్క చెడిపోకుండా, అవతలి గోడకి ఆనించి బ్లూట్‌నర్ పియానో. అదీ ఆ ఊళ్ళో తయారైనదే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదని అపార్ట్‌మెంట్ రూలు. ఆవిడ గడియారం చూసుకుని సరిగ్గా మూడింటికి మూత తీసేది.

నాకు వెస్టర్న్ క్లాసికల్ అంటే టైటాన్ వాచీల యాడ్‌లో వచ్చే మోట్సార్ట్ ముక్క, అంతే. ఇంట్లో పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని, అమ్మ వంటింట్లో పాడుకునే త్యాగరాజ కీర్తనలు. అందుకని అసలు సంగీతమంటే ఇంట్లో వినేదేనని నాలో ఎక్కడో పాతుకుపోయింది. లైప్‌జిగ్ వెళ్ళేటప్పుడు మాత్రం అక్కడి సంగీతమంటే టై కట్టుకుని, పెద్ద హాల్లో దగ్గు ఆపుకుంటూ కూర్చోవడమే అనుకున్నాను. తొలి రొమాంటిక్ కాలపు సంగీతం, అంటే సుమారు 1810 నుంచి 1850 దాకా వచ్చినది, చాలామటుకు ఇళ్ళల్లో, నలుగురైదుగురి మధ్య పుట్టిందని ఓనరమ్మ గదిలోనే తెలిసింది. ఆవిడ దాన్ని పాఠంలా ఏమీ చెప్పలేదు. వాయించేది, మధ్యలో ఆపి ఏదో ఒక కబురు చెప్పేది, మళ్ళీ వాయించేది.

మొదట విన్నది క్లారా భర్త రాబర్ట్ షూమన్ రాసిన 'ట్రాయ్‌మెరై'. 1838లో రాసిన 'కిండర్‌ట్సేనెన్' అనే 13 చిన్న ముక్కల వరసలో ఏడోది. చిన్నపిల్లలు వాయించడానికి కాదు, చిన్నతనాన్ని తలుచుకునే పెద్దవాళ్ళ కోసం. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఓనరమ్మ ఒకసారి పూర్తిగా వాయించి, తర్వాత కుడిచేతి వరస ఒక్కటే నెమ్మదిగా వినిపించింది. పాట మెల్లగా మెట్లెక్కి ఒక స్వరం దగ్గర ఆగుతుంది. రెండోసారి అదే దారిలో ఎక్కి ఇంకొంచెం పైకి వెళ్తుంది. చివర్లో ఇంకోసారి ఆ పై స్వరాన్నే అందుకుని, ఈసారి కింద వేరే స్వరాల గుత్తి పరిచి, అక్కడ కాసేపు నిలబడిపోతుంది. "ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది" అనేది ఆవిడ. ఆ ఒక్క చోటు కోసం ఆ ముక్కని ఎన్నిసార్లు వాయించమని అడిగానో!

రాబర్ట్ షూమన్, క్లారాల కథ సీరియల్ తీసినా సరిపోతుంది. రాబర్ట్ పియానో నేర్చుకోవడానికి క్లారా తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ ఇంట్లోనే మకాం పెట్టాడు. కుడిచేతి వేలు పాడై కచేరీల ఆశ పోయింది. క్లారా మాత్రం చిన్నప్పటినుంచే ఊరూరా కచేరీలు చేసే బాలమేధావి. తండ్రి పెళ్ళికి ససేమిరా అన్నాడు. కోర్టుకెక్కారు. చివరికి 1840 సెప్టెంబరు 12న, క్లారాకి 21 నిండటానికి సరిగ్గా ఒకరోజు ముందు, లైప్‌జిగ్ పక్కనే షోనెఫెల్ట్ చర్చిలో పెళ్ళయింది. ఇన్సెల్‌స్ట్రాసెలో వాళ్ళు కాపురం పెట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. పెళ్ళికి కాన్రాడ్ గ్రాఫ్ అనే వియన్నా పియానో తయారీదారు క్లారాకి ఒక పియానో బహుమతిగా ఇచ్చాడు. అది తర్వాత వాళ్ళ స్నేహితుడు, స్వరకర్త బ్రామ్స్‌ దగ్గరికి చేరింది.

అప్పటిదాకా అచ్చయిన షూమన్ రచనలన్నీ దాదాపు పియానోవే. 1840లో ఏం పూనిందో గానీ, ఆ ఒక్క ఏడాదిలో 130కి పైగా పాటలు రాశాడు. హైన కవితలకి కట్టిన 'డిష్టర్‌లీబె' అందులోదే, 16 పాటలు. ఓనరమ్మ గొంతు అప్పటికే వణికేది, అయినా లోగొంతుకతో పాడుకుంటూ వాయించేది. గాయకుడి వంతు అయిపోయాక కూడా పియానో ఆగకుండా తనంతట తాను మాట్లాడుకుంటూ పోవడం ఆ పాటల్లో చాలాసార్లు ఉంటుంది. పక్కవాద్యం పక్కవాద్యంలా ఉండదు. నాకు షూమన్ మీద గురి కుదిరింది అక్కడే.

ఇలా ఒక కవితకి పియానో, గొంతు కలిపి కట్టే పాటని జర్మన్‌లో లీట్ అంటారు. దాన్ని ఆ ఎత్తుకి తెచ్చినవాడు షూబెర్ట్. వియన్నాలో బడిపంతులు కొడుకు. తనూ కొన్నాళ్ళు తండ్రి బళ్ళో పిల్లలకి చదువు చెప్పాడు. 1814 అక్టోబరులో, 17 ఏళ్ళ వయసులో, జర్మన్ మహాకవి గ్యోటే నాటకం 'ఫౌస్ట్'లోంచి రాట్నం ముందు కూర్చున్న అమ్మాయి పాట తీసుకున్నాడు. పియానో కుడిచేయి రాట్నంలా తిరుగుతూనే ఉంటుంది. ప్రియుడి ముద్దు గుర్తొచ్చిన చోట రాట్నం ఆగిపోతుంది. మళ్ళీ తిప్పడానికి ఒకసారి, రెండోసారి ప్రయత్నించి, అప్పుడు అందుకుంటుంది. పదిహేడేళ్ళ కుర్రాడికి ఇది ఎలా తట్టిందో!

మరుసటి ఏడాది 'ఎర్ల్‌కోనిష్'. తండ్రి జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి గుర్రం మీద పట్టుకుని రాత్రిపూట దౌడు తీస్తుంటాడు. పిల్లాడికి మాత్రమే కనిపించే మాయరాజు పిలుస్తుంటాడు. కథ చెప్పేవాడు, తండ్రి, కొడుకు, మాయరాజు, నలుగురి గొంతూ ఒక్క గాయకుడే పలకాలి. గుర్రపు డెక్కల కోసం కుడిచేయి ఒకే స్వరాన్ని మూడేసి దెబ్బలుగా ఆపకుండా కొడుతూ ఉండాలి. ఓనరమ్మ కొంత దూరం వాయించి చేయి విదిలించుకుని, "ఇక నావల్ల కాదు, మిగతాది క్యాసెట్లో విను" అని లేచిపోయింది. స్నేహితుడు స్పౌన్ ఇలాంటి పాటల్ని 1816లో గ్యోటేకి పంపితే, ఆయన ఒక్క మాట కూడా రాయకుండా తిప్పి పంపేశాడు. ఇప్పటికీ నాకు ఆ పెద్దాయన మీద కాస్త కోపమే.

షూబెర్ట్ పాటలు ఇళ్ళల్లోనే ఎందుకు తిరిగాయి అంటే, డబ్బు ఒక్కటే కారణం కాదు. నెపోలియన్ ఓడిపోయాక 1815 తర్వాత వియన్నాలో మెట్టర్నిష్ ప్రభుత్వం నడిచింది. పత్రికల మీద సెన్సారు, కుర్రాళ్ళ సంఘాల మీద పోలీసు నిఘా. 1820లో షూబెర్ట్ స్నేహితుడు ఒకణ్ణి అరెస్టు చేసినప్పుడు షూబెర్ట్‌ని కూడా పట్టుకుని హెచ్చరించి వదిలేశారు. నలుగురు కలవాలంటే ఎవరింట్లోనో కలవాల్సిందే. అలా ఒకరింట్లో చేరి షూబెర్ట్ పియానో దగ్గర కూర్చుంటే, ఒపేరా గాయకుడు ఫోగల్ పాడేవాడు. ఆ సాయంత్రాలకి షూబర్టియాడ అని పేరు పడింది. రహస్యంగా ఉన్నవాటిని అణచాలని చూసినవాళ్ళని తూర్పు జర్మనీలోనూ చూసిన మనిషి కాబట్టి, ఓనరమ్మ ఈ భాగం మటుకు నవ్వకుండా చెప్పేది.

'వింటర్‌రైజ' గురించి ఆవిడకొక పట్టుదల. చలికాలంలో తప్ప వాయించదు, పెట్టనివ్వదు. విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలు, 24 పాటలు, 1827లో షూబెర్ట్ కట్టాడు. ప్రేమ చెడిన ఒక మనిషి మంచులో నడుచుకుంటూ పోవడం, అంతే కథ. స్నేహితుల ముందు పాడి వినిపిస్తే వాళ్ళ మొహాలు మాడిపోయాయి. ఒకడు 'లిండెన్‌బౌమ్' అనే పాట ఒక్కటి బాగుందన్నాడు. తనకి మాత్రం మిగతా అన్నింటికంటే ఇవే ఇష్టమని, వాళ్ళకీ ఇష్టమవుతాయని షూబెర్ట్ చెప్పినట్టు స్పౌన్ తర్వాత రాసుకున్నాడు. చివరి పాటలో మంచు మీద ఉత్తికాళ్ళతో ఒక ముసలివాడు చేతివాద్యం తిప్పుతూ ఉంటాడు. కుక్కలు గుర్రుమంటాయి, చిప్పలో పైసా పడదు, ఎవరూ వినరు. పియానో ఎడమచేతిలో మొదటినుంచి చివరిదాకా ఒకే శ్రుతి, అది మారదు. పైన మూడు నాలుగు స్వరాల ముక్క. ఇంత తక్కువ సరుకుతో ఇంత బరువైన పాట నేను ఇంకోటి వినలేదు. 1828లో షూబెర్ట్ చనిపోయేనాటికి వయసు 31. మంచం మీద ఉండి ఈ పాటల రెండో భాగం ప్రూఫులు దిద్దాడు.

తర్వాతి వేసవిలో వియన్నా వెళ్ళి నుస్‌డోర్ఫర్ స్ట్రాసెలో ఆయన పుట్టిన ఇల్లు చూశాను. ఒక గది, ఒక వంటిల్లు ఉండే వాటాలు చాలా ఉన్న పాత ఇల్లు. మధ్యలో ఆకుపచ్చటి పెరడు, చుట్టూ చెక్క వసారా. ఆ వాటాల్లో ఒకదాంట్లో అంతమంది పిల్లలతో ఎలా సర్దుకున్నారో! అద్దాల పెట్టెలో ఆయన కళ్ళజోడు. సన్నటి ఫ్రేము, నేను అనుకున్నదానికంటే చాలా చిన్నది. నిద్రలో కూడా పెట్టుకునే ఉండేవాడట, లేవగానే రాసుకోవడానికి. ఈ కబురు నిజమో కాదో గానీ, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

వెబర్ ఒపేరా 'ఫ్రైషుట్స్' 1821లో బెర్లిన్‌ని ఊపేసింది. దయ్యాల లోయ సీను ఇప్పటికీ బావుంటుంది. పారిస్‌లో బెర్లియోజ్ 1830లో 'సింఫనీ ఫాంటాస్టిక్' అనే పెద్ద ఆర్కెస్ట్రా కథ వినిపించాడు. చాలామందికి నచ్చుతుంది, నాకు మాత్రం ఒక్కసారికే అలిసిపోయినట్టుంటుంది. ఇక పియానో విద్వాంసుడు లిస్ట్... ఓనరమ్మ ఆయన్ని "సర్కస్" అనేది. అది అన్యాయమే, కానీ నేను ఎదురు చెప్పలేదు. టీ ఆవిడ పెట్టేది మరి.

నాక్టర్న్‌లు మాత్రం వదలబుద్ధి కాదు. రాత్రి వేళకి తగ్గట్టు పియానో మీద పాడుకునే ఈ రకం ముక్కల్ని మొదలుపెట్టినవాడు జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ ఆయన. పుట్టింది డబ్లిన్‌లో, బతికింది ఎక్కువగా రష్యాలో. 1812లో అచ్చయ్యాయి. షోపాన్ వాటిని అందుకుని ఎక్కడికో తీసుకెళ్ళిపోయాడు. పియానోలో కింద ఒక పెడల్ ఉంటుంది, తొక్కితే తీగలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. ఎడమచేయి అడుగు స్వరం ఒకటి కొట్టి పైకి వెళ్ళిపోయినా, ఆ అడుగు స్వరం పెడల్ మీద నిలబడి ఉంటుంది. దాని మీద కుడిచేయి పాడుతుంది. ఓనరమ్మ పెడల్ లేకుండా ఒకసారి వాయించి చూపించింది. ఉత్త ఎముకలగూడు. పెడల్‌తో మళ్ళీ వాయించింది. అప్పుడు అర్థమైంది, ఈ పాటలు ఆ యంత్రం లేకపోతే పుట్టేవే కాదని.

షోపాన్ రెండో నాక్టర్న్‌లో పాట తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని నగలు పెట్టుకుని వస్తుంది. మొదటిసారి సాదాగా, తర్వాత ఒక మెలిక, ఆ తర్వాత ఒక జారు. "మా దగ్గర దీన్ని సంగతులు వేయడం అంటారు" అని చెప్పి, అమ్మ పాడే ఒక కీర్తన పల్లవి నాకొచ్చినట్టు పాడాను. ఓనరమ్మ చాలా శ్రద్ధగా విని, "ఈ మెలికలు ఎవరు రాసిపెట్టారు?" అంది. గురువు దగ్గర విని నేర్చుకుంటారన్నాను. ఆవిడకి అది మింగుడుపడలేదు. రాయకపోతే తప్పు వాయించారో లేదో ఎలా తెలుస్తుంది అని చాలాసేపు వాదించింది.

షోపాన్ 1830 నవంబరు మొదట్లో వార్సా వదిలాడు. నెలాఖరుకి అక్కడ రష్యా మీద తిరుగుబాటు లేచింది. మళ్ళీ పోలండ్ చూడలేదు. పారిస్‌లో పెద్దింటి పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికాడు. బతుకంతా కలిపి చేసిన పబ్లిక్ కచేరీలు సుమారు 30 అంటారు. జనం గుంపు చూస్తే ఆయనకి టెన్షన్. స్నేహితుల గదిలో అయితే రాత్రంతా వాయించేవాడు. మజుర్కాలు, పొలొనేజులు పేరుకి పల్లె డాన్సులూ జమీందారీ డాన్సులూ గానీ, వాటికి ఎవరూ ఆడరు, కూర్చుని వింటారు. 1849లో పోయాక శరీరాన్ని పారిస్‌లో పాతిపెట్టారు, గుండెని మాత్రం అక్కగారు వార్సాకి తీసుకెళ్ళింది.

మెండెల్సన్ విషయానికొస్తే ఓనరమ్మ గొంతు మారిపోయేది. ఆయన 1835 నుంచి లైప్‌జిగ్‌లో గెవాండ్‌హౌస్ అనే కచేరీ హాలు ఆర్కెస్ట్రాకి పెద్ద. 1843లో అక్కడ కన్సర్వేటరీ పెట్టినవాడూ ఆయనే. ఆయన 'మాటల్లేని పాటలు' అనే చిన్న పియానో ముక్కలు పుస్తకాలు పుస్తకాలుగా అమ్ముడుపోయాయి. ఇంట్లో పియానో, దాని ముందు ఆడపిల్ల, మధ్యతరగతి గొప్పకి గుర్తు. వాళ్ళకి వాయించుకోవడానికి పాటలు కావాలి. అచ్చేసేవాళ్ళకి పంట పండింది. మాటలు లేకపోతే అర్థం ఎలా తెలుస్తుందని ఎవరో అడిగితే, సంగీతం చెప్పేది మాటలకంటే ఖచ్చితంగానే ఉంటుందని ఆయన జవాబు రాశాడు.

అక్క ఫానీ కూడా అంతటి సమర్థురాలే. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. 1820లో, ఆవిడకి పద్నాలుగేళ్ళప్పుడు, తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారమే అని. ఆవిడ పాటలు ఆరు తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి మెండెల్సన్ ఎదురుగా ఆయన పాటల్లో తనకిష్టమైనది ఏరి పాడింది. అది మా అక్క పాట అని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. బెర్లిన్‌లో సొంతింట్లో ఆదివారం కచేరీలు పెట్టి, ఫానీ తనే వాయించి, బృందాన్ని నడిపించేది. ఇంటి సంగీతం, ఇంటి సంగీతం అని నేను మురిసిపోతుంటే ఓనరమ్మ కసిరేది: "షూబెర్ట్ ఇంట్లో ఉన్నాడంటే స్నేహితుల కోసం. ఫానీ ఇంట్లో ఉందంటే బయటికి పోనివ్వలేదు కాబట్టి. రెండూ ఒకటేనా?" సొంత పేరుతో అచ్చువేయడం ఆవిడ 1846లో గట్టిగా మొదలుపెట్టింది. 1847 మేలో ఆదివారం కచేరీ రిహార్సల్లోనే కుప్పకూలి చనిపోయింది. నవంబరులో తమ్ముడూ పోయాడు. మన త్యాగయ్య పోయింది అదే ఏడాది జనవరిలో.

గెవాండ్‌హౌస్ ముందు మెండెల్సన్ విగ్రహం ఉండేది. ఆయన యూదుల ఇంట పుట్టాడని 1936 నవంబరులో ఒక రాత్రి నాజీలు దాన్ని పడగొట్టేశారు. ఓనరమ్మ అప్పుడు చిన్నపిల్ల. వాళ్ళ నాన్న చేయి పట్టుకుని అటు వెళ్తూ ఖాళీ చోటు చూసి ఏదో అడగబోతే, ఆయన చేయి గట్టిగా నొక్కాడట. తర్వాత ఆవిడ పియానో టీచరు కిటికీలు మూసి 'మాటల్లేని పాటలు' నేర్పింది. పుస్తకం ఇచ్చేది కాదు, చూసి బట్టీపట్టాల్సిందే. "అందుకే అవి మర్చిపోలేదు" అనేది.

హాల్లో విన్నదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది షూబెర్ట్ సి మేజర్ సింఫనీ. అదీ గెవాండ్‌హౌస్‌లోనే, చౌక టికెట్టు మీద, ఆర్కెస్ట్రా వెనక వైపు కూర్చుని. ఆయన బతికుండగా ఎవరూ కచేరీలో వాయించలేదు. పదేళ్ళ తర్వాత షూమన్ వియన్నా వెళ్ళి, షూబెర్ట్ అన్న ఫెర్డినాండ్ దగ్గర మూలుగుతున్న కాగితాల్లో చూసి లైప్‌జిగ్‌కి పంపించాడు. 1839 మార్చి 21న మెండెల్సన్ వాయింపించాడు. దాదాపు గంట. చివరి భాగంలో వయొలిన్లు ఒకే రకం పరుగు ఎంతసేపు తీస్తాయంటే, లండన్‌లో రిహార్సల్లో వాద్యగాళ్ళు నవ్వారట. నా ముందు కూర్చున్న వయొలిన్ ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది.

2008లో విగ్రహం నకలు చేయించి థోమాస్ చర్చి ముందు నిలబెట్టారు. ఓనరమ్మ ఫొటో ఉన్న కార్డు పంపింది. వెనకాల రెండు ముక్కలు: "పాతది ఇంకా ఎత్తుగా ఉండేది. లేకపోతే అప్పుడు నేను పొట్టిగా ఉన్నానేమో." దాని కింద, 'వింటర్‌రైజ' చలికాలంలోనే వింటున్నావా అని ప్రశ్న. విజయవాడలో చలికాలం ఎన్నాళ్ళుంటుందో ఆవిడకేం తెలుసు. మే నెల్లో ఏసీ 18లో పెట్టుకుని వింటున్నాను. ఆ సంగతి జవాబులో రాయలేదు.